మంచం మీదున్న మనిషి పింఛను తగ్గించారా, ఆపేశారా? వైజాగ్‌లో అప్పీలు ఎలా పెట్టుకోవాలి

ఇది ఎవరి కోసమంటే, పక్షవాతం వచ్చి మంచం మీదున్న నాన్ననో, కండరాల జబ్బుతో వీల్‌చైర్‌కే పరిమితమైపోయిన కొడుకునో, యాక్సిడెంట్‌లో నడుం పడిపోయిన భర్తనో చూసుకుంటూ, దానివల్ల పనికెళ్ళడం మానేసి ఇంట్లోనే ఉండిపోయి, ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా పింఛను 15,000 నుంచి 6,000కి తగ్గించారనో అసలు ఆపేశారనో నోటీసు పట్టుకుని కూర్చున్నవాళ్ళకి.

మన రాష్ట్రంలో చూసుకునేవాళ్ళకంటూ విడిగా డబ్బులేమీ రావు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం కావాల్సిన దివ్యాంగులకి కేర్‌గివర్ అలవెన్స్ ఇచ్చే స్కీములు పెట్టాలని రాసే ఉంది, కేరళలో ఆశ్వాసకిరణం అని నెలకి 600 పెట్టారు కూడా, మనకి మాత్రం ఆ మంచం మీదున్న మనిషి పేరున వచ్చే పింఛనే దిక్కు. 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి 5,000 ఉన్నది 15,000 చేశారు, మామూలు దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. అంటే సదరం సర్టిఫికెట్ (గవర్నమెంటు డాక్టర్లు వైకల్యం ఎంత శాతమో రాసిచ్చేది) మీద ఒక్క అంకె మారితే నెలకి 9,000 తేడా. డైపర్లు, ఫిజియో, మందులు, మీరు బయటికెళ్ళాల్సొస్తే తోడు కూర్చునే మనిషికిచ్చేది, అన్నీ ఆ తొమ్మిది వేలలోనే ఉన్నాయి కాబట్టి "గవర్నమెంటోళ్ళతో మనకెందుకులే" అని వదిలెయ్యకండి, అప్పీలు పెట్టుకోవడం మీ హక్కు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, కింద రాసేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. డాక్టరు ఆ మనిషిని చూసేది పది నిమిషాలు, మీరు చూసేది ఇరవై నాలుగు గంటలు. ఆ ఇరవై నాలుగు గంటల్లో ఏం జరుగుతుందో కాగితం మీదకి ఎక్కకపోతే ఫైల్లో అది లేనట్టే. ఇలాంటి అప్పీళ్ళలో పేషెంటు తరఫున అసలు సాక్షి మీరే.

మొదట చెయ్యాల్సింది: ఎందుకు ఆపారో కచ్చితంగా తెలుసుకోవడం

చాలామంది ఇక్కడే తడబడుతున్నారు. ఆపింది కరెంటు మీటరు వల్ల అయితే మీరు ఎంఆర్ఐ ఫిల్ములు పట్టుకుని ఎంత తిరిగినా లాభం ఉండదు. నోటీసు ఇచ్చుంటే అందులో కారణం రాసుంటుంది, అది రెండుసార్లు చదవండి. నోటీసు లేకుండానే ఒకటో తారీఖున డబ్బులు రాకపోతే మీ వార్డు సచివాలయానికెళ్ళి పింఛన్లు చూసే వార్డు వెల్ఫేర్ అండ్ డెవలప్‌మెంట్ సెక్రటరీని కలిసి, పెన్షన్ ఐడీ చెప్పి, ఆన్‌లైన్‌లో ఏ కారణం చూపిస్తోందో అడగండి, అడిగి ఊరుకోకుండా "అది ప్రింట్ తీసి ఇవ్వండి లేకపోతే రాసి సంతకం పెట్టి ఇవ్వండి" అనండి. నోటిమాటగా "పైనుంచి ఆపేశారమ్మా" అంటే దాని మీద మీరు అప్పీలు రాసుకోలేరు.

కారణాలు మామూలుగా ఇవే. 15,000 తీసుకునేవాళ్ళకి 2025 తనిఖీల్లో 85 శాతం వైకల్యం దగ్గర గీత గీశారు, దానికి తక్కువొచ్చి 40కి పైన ఉంటే 6,000 కేటగిరీలోకి మార్చారు. 40 కంటే తక్కువొస్తే దివ్యాంగుల పింఛనే పోతుంది, 60 ఏళ్ళు నిండినవాళ్ళయితే 4,000 వృద్ధాప్య పింఛనుకి మార్చమని అడగొచ్చు. కొందరికి సర్టిఫికెట్ మీద టెంపరరీ అని ఉందని ఆపుతారు. ఇవన్నీ మెడికల్ గొడవలు.

ఇంకో రకం ఏంటంటే ఇంటి అర్హతల గొడవ, సిక్స్ స్టెప్ అంటారు చూడండి, అది. టౌన్లో కుటుంబ ఆదాయం నెలకి 12,000 దాటకూడదు, కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదు, సొంత కారు ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు పర్లేదు), ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు, గవర్నమెంటు ఉద్యోగం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉండకూడదు, టౌన్లో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటకూడదు, పొలం అయితే మాగాణి మూడెకరాలు మెట్ట పదెకరాల లోపు ఉండాలి. దీని గురించి ముందు నాలుగు ముక్కలు చెప్పేసి మెడికల్ వైపు వస్తాను, ఎందుకంటే ఇది కాస్త త్వరగా తేలుతుంది.

కరెంటు మీటరు, పెళ్ళైన కొడుకు, అమ్మేసిన కారు

కంచరపాలెం, గోపాలపట్నం, గాజువాక వైపు ఒకే మీటరు మీద రెండు మూడు పోర్షన్లుండే ఇళ్ళు చాలా ఉన్నాయి, ఓనరు కాపురం కింద ఉంటుంది మీరు మేడ మీద ఉంటారు, బిల్లు అంతా కలిపొస్తుంది. లేదంటే మీ ఆధార్ ఎవరిదో వేరే సర్వీస్ నంబర్‌కి లింకైపోయి ఉంటుంది. ముందు మీ ఆధార్‌కి ఏ ఏ సర్వీస్ నంబర్లు లింకయ్యాయో సచివాలయంలో రాయించుకోండి, ఆ నంబర్లతో ఈపీడీసీఎల్‌లో (మన కరెంటు కంపెనీ) మీ సెక్షన్ ఏఈ ఆఫీసుకెళ్ళి అది మనది కాకపోతే లింకు తీసెయ్యమని అర్జీ పెట్టి, తీసేసినట్టు లెటరు అడిగి తీసుకోండి, ఆ లెటరే అప్పీలుకి జతచెయ్యాలి. సొంత మీటరే అయ్యి యూనిట్లు నిజంగానే దాటితే అవి ఎందుకు దాటాయో రాయండి, ఎయిర్ బెడ్ పంపు రాత్రీపగలూ తిరుగుతుంది, కొందరికి ఆక్సిజన్ మిషన్, సక్షన్ మిషన్ ఉంటాయి, వాటి బిల్లులూ ఫోటోలూ పెట్టండి. రూల్లో దానికి విడిగా మినహాయింపు లేకపోయినా పైవాళ్ళకి రాసేటప్పుడు ఆ వివరం ఫైల్లో ఉండాలి.

పెళ్ళై వేరే కాపురం ఉన్న కొడుక్కి ఉద్యోగం ఉందని తల్లి పింఛను ఆగిపోయిన కేసులుంటాయి, అది సచివాలయం రికార్డులో ఇంకా ఒకే ఇంట్లో చూపించడం వల్ల. వేరే అడ్రస్‌తో ఆధార్, గ్యాస్ బుక్కు, పెళ్ళి సర్టిఫికెట్ ఇచ్చి హౌస్‌హోల్డ్ విడగొట్టించాలి. కారు అమ్మేసినా ఆర్టీవో రికార్డులో పేరు మారకపోతే మీదే అని చూపిస్తుంది, పేరు మార్పించి ఆ ప్రింట్ ఇవ్వండి. ఇంట్లో ఇంకొకరికి వృద్ధాప్య పింఛనొస్తోంది కాబట్టి ఇది రాదు అని ఎవరైనా అంటే నమ్మకండి, ఇంటికి ఒకటే అనే రూలు దివ్యాంగులకి, కిడ్నీ జబ్బులాంటి వాటికి వర్తించదు.

ఇక మెడికల్ కాగితాలు

కేజీహెచ్‌లోనో హనుమంతవాక విమ్స్‌లోనో ప్రైవేటులోనో ఎక్కడ అడ్మిట్ చేసినా డిస్చార్జ్ సమ్మరీ ఉంటుంది, అది పోయుంటే ఐపీ నంబరు (అడ్మిట్ చేసినప్పుడు ఇచ్చేది), అడ్మిషన్ తేదీ రాసి మెడికల్ రికార్డ్స్ సెక్షన్లో అర్జీ పెట్టండి. పేషెంటుగానీ వాళ్ళ తరఫున అధికారం ఉన్నవాళ్ళుగానీ అడిగితే 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 రూల్సులోనే ఉంది, మర్యాదగానే ఆ మాట లెటర్లో రాయండి, పని తొందరగా అవుతుంది. స్కాన్ ఫిల్ములు పెద్దవి కాబట్టి అవి ఇంట్లో ఉంచి రిపోర్టు కాగితాలు జిరాక్స్ చేయించండి.

పాతవి ఎన్ని ఉన్నా, ఈ మధ్య రాసిన ఒక్క కాగితం వాటన్నిటికంటే విలువైంది. అప్పీలు పెట్టేముందు న్యూరాలజీ ఓపీలోనో, రెగ్యులర్‌గా చూసే డాక్టరు దగ్గరో, ఇవాళ్టి పరిస్థితి రాయించుకోండి. "కేస్ ఆఫ్ సీవీఏ, ఆన్ ట్రీట్‌మెంట్" (పక్షవాతం కేసు, వైద్యం జరుగుతోంది) అని ఒక లైను రాసిస్తే సరిపోదు. మనిషి తనంతట తాను కూర్చోగలరా, నిలబడగలరా, అన్నం తినగలరా, మల మూత్రాల మీద పట్టు ఉందా, ఇంక మెరుగయ్యే అవకాశం ఉందా లేదా, ఇవి రాయమని అడగండి. డాక్టర్లు బిజీగా ఉంటారు, మీరే తెలుగులో ఒక చీటీ మీద ఈ ప్రశ్నలు రాసి పట్టుకెళ్తే చూసి రాసేస్తారు. టెంపరరీ అని ఆపినవాళ్ళకైతే "మెరుగయ్యే అవకాశం లేదు" అనే ఆ ఒక్క మాటే ప్రాణం.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. పక్షవాతం వచ్చిన మనిషికి చెయ్యి కాలు పడిపోవడమే కాకుండా మాట కూడా పోయిందనుకోండి, లేకపోతే చూపు దెబ్బతిందనుకోండి, అవి విడివిడి వైకల్యాలు. 2016 చట్టంలో ఉన్న 21 రకాల్లో మాట పోవడం కూడా ఒకటి. సదరంలో కాలూ చెయ్యీ మాత్రమే చూసి పర్సంటేజీ వేసేస్తే మిగతావి లెక్కలోకి రావు. రెండు వైకల్యాలుంటే వాటిని కలపడానికి కేంద్రం గైడ్‌లైన్స్‌లో ఒక లెక్కుంది: పెద్ద అంకె అలాగే ఉంచి, చిన్న అంకెని 90లోంచి పెద్ద అంకె తీసేస్తే మిగిలిన దాంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద అంకెకి కలుపుతారు. కాళ్ళూచేతులకి 75, మాటకి 60 వచ్చిందనుకోండి, 90లోంచి 75 తీస్తే 15, 60ని 15తో గుణిస్తే 900, దాన్ని 90తో భాగిస్తే 10, మొత్తం 85. అంటే మాట సంగతి చూడకపోతే 75 దగ్గర ఆగిపోయి 6,000కి పడిపోయే మనిషి, చూస్తే 85 దగ్గరకొస్తారు. కాబట్టి సర్టిఫికెట్ మీద ఏ వైకల్యం అని రాశారో చూడండి, ఒక్కటే రాసుంటే, నిజంగా రెండోది ఉంటే, అదే మీ అప్పీల్లో మొదటి పాయింటు. మానసిక జబ్బు కూడా తోడై ఉంటే చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్లో చూపించిన కాగితాలు కూడా పెట్టండి.

రోజూ రాసే నోట్సు

ఒక వంద పేజీల నోటుబుక్కు కొనుక్కుని పది పదిహేను రోజులు మీరు చేసేది చేసినట్టు రాయండి. దేని దేని గురించి రాయాలంటే డాక్టర్లు వాడే బార్తెల్ ఇండెక్స్ అనే స్కోరు ఒకటుంది, అందులో పది పనులుంటాయి: తినడం, స్నానం, మొహం కడుక్కుని తల దువ్వుకోవడం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి పట్టు, మూత్రానికి పట్టు, బాత్రూం వాడుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడవడం, మెట్లెక్కడం. సదరం పర్సంటేజీ దీంతో వెయ్యరు, కానీ ఈ పదీ వరసగా రాస్తే ఏదీ మర్చిపోరు, చదివే డాక్టరుకి కూడా అలవాటైన వరస కాబట్టి గబుక్కున అర్థమవుతుంది.

ఎలా రాయాలో చూపిస్తాను. "అమ్మకి చాలా కష్టంగా ఉంది, అన్నీ మేమే చేస్తాం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు. "పొద్దున 6కి డైపర్ మార్చాను, ఇద్దరం పట్టుకుంటేగానీ పక్కకి తిరగలేదు. 8కి ఇడ్లీ మెత్తగా చేసి స్పూన్‌తో పెట్టాను, ముప్పావుగంట పట్టింది, రెండుసార్లు పొలమారింది. 11కి తువ్వాలు తడిపి వొళ్ళు తుడిచాను, నడుం కింద పుండు దగ్గర కట్టు మార్చాను. రాత్రి 1కి, 3కి లేచి పక్క మార్చాను" అని రాయండి. ఇలా రాస్తే ఆ మనిషిని చూడకుండానే మంచం కళ్ళకి కడుతుంది. పెంచి రాయకండి. స్పూన్ పట్టుకోగలిగితే పట్టుకుంటారనే రాయండి, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి.

ఫోటోలు కూడా తియ్యండి, మంచం, యూరిన్ బ్యాగు, ముక్కులో గొట్టం, బెడ్ సోర్లు ఉంటే అవి. తీసేముందు ఆ మనిషికి చెప్పి తియ్యండి, వొంటి మీద బట్ట సర్ది కావాల్సిన చోటు మాత్రమే కనపడేలా తియ్యండి. ఆ ఫోటోలు ఎవరి ఫోన్లకో వాట్సాప్‌లో పంపకుండా ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టండి.

అప్పీలు లెటరు

గడువు సంగతి ముందు. నోటీసులో తేదీ ఉంటే అదే ఫైనల్. లేకపోయినా నోటీసు చేతికొచ్చిన రోజు నుంచి నెల దాటనివ్వకండి, కాగితాలన్నీ దొరికాక పెడదాంలే అనుకోవద్దు, ఉన్నవాటితో పెట్టేసి "మిగతా రికార్డులు తర్వాత ఇస్తాను" అని ఒక లైను రాస్తే సరిపోతుంది. జీవీఎంసీ పరిధిలో ఉన్నవాళ్ళు కమిషనర్ గారి పేర, ఆనందపురం, పద్మనాభం లాంటి మండలాల్లో ఊళ్ళవాళ్ళు ఎంపీడీవో గారి పేర రాయాలి. లెటరు రెండు పేజీలు దాటనివ్వకండి. ఇలా రాసుకోండి:

"గౌరవనీయులైన కమిషనర్ గారికి, నేను ఫలానా వార్డు, ఫలానా అడ్రసులో ఉంటున్న ఫలానా ఆమె కోడలిని. ఆమె పెన్షన్ ఐడీ ఇది, సదరం ఐడీ ఇది. ఫలానా తేదీ నోటీసులో ఆమెకి 70 శాతమే వైకల్యం ఉందని చెప్పి 15,000 పింఛనును 6,000కి మార్చారు. దీనికి మేము ఒప్పుకోవడం లేదు. కారణాలు: ఒకటి, తనిఖీలో కాలు చెయ్యి మాత్రమే చూశారు, మాట పోయిన సంగతి లెక్కలోకి తీసుకోలేదు. రెండు, ఆమె తనంతట తాను కూర్చోలేదు, పక్కకి తిరగలేదు, డాక్టరు గారి ఫలానా తేదీ కాగితం జతచేశాను. మూడు, రోజూ చేస్తున్న సంరక్షణ వివరాలు నోట్సులో ఉన్నాయి. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో సంబంధిత స్పెషలిస్టులతో మళ్ళీ పరీక్ష చేయించాలని, ఆమెని కదిలించడం కష్టం కాబట్టి ఇంటికే వచ్చి చూసేలా ఏర్పాటు చెయ్యాలని, ఈ అప్పీలు తేలేదాకా పాత పింఛను ఆపకుండా ఇవ్వాలని, నిర్ణయం ఏదైనా కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను."

చివర్లో ఉన్న ఆ నాలుగు కోరికలూ తప్పకుండా ఉండాలి. ముఖ్యంగా ఆఖరిది, కారణాలు రాసివ్వమని అడగడం, ఎందుకంటే రేపు పైకి వెళ్ళాలన్నా కోర్టుకి వెళ్ళాలన్నా ఆ కాగితం మీదే వెళ్తాం. ఇంటికి రమ్మనడం గొంతెమ్మ కోరికేం కాదు, 2025 జనవరి నుంచి చేసిన తనిఖీల్లో 15,000 వాళ్ళని డాక్టర్ల టీములు ఇళ్ళకొచ్చే చూశాయి. లెటరు కింద పేషెంటు వేలిముద్ర, మీ సంతకం, మీ ఫోన్ నంబరు పెట్టండి.

లెటరుకి ఆధార్, రైస్ కార్డు, నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (కేంద్రం దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు) ఉంటే అది, మెడికల్ కాగితాలు, నోట్సు పేజీలు, ఫోటోలు పెట్టి అన్నిటికీ పేజీ నంబర్లు వెయ్యండి. అన్నీ జిరాక్స్‌లే, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, "చూసి ఇచ్చేస్తాం" అన్నా సరే. ఇచ్చేది సచివాలయంలో ఒక సెట్టు, జోనల్ ఆఫీసులోగానీ రామ్‌నగర్‌లో జీవీఎంసీ మెయిన్ ఆఫీసులోగానీ ఇంకో సెట్టు. మీ దగ్గరుండే కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. వెయ్యనంటే గొడవపడక్కర్లేదు, పోస్టాఫీసుకెళ్ళి స్పీడ్ పోస్టులో పంపించేసి రసీదు దాచుకోండి, దానికీ అంతే విలువ.

మళ్ళీ పరీక్ష చేసే రోజు

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడ. మన పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది, డాక్టరు ఎదురుగా నిలబడి "ఎలా ఉన్నారమ్మా" అంటే వెంటనే "బాగానే ఉన్నాను బాబూ" అంటారు. మా అత్తగారు అంతే. పక్షవాతం వచ్చాక రోజంతా గోడవైపు తిరిగి పడుకుని ఉండే మనిషి, తెల్లకోటు వేసుకున్నాయన గుమ్మంలోకి రాగానే, బాగున్న ఎడమచెయ్యి ఒక్కటీ ఎలాగోలా పైకెత్తి నమస్కారం పెట్టి, నవ్వి, వచ్చీరాని మాటతో కాఫీ తాగుతారా అని అడిగారు. అది ఆవిడ మర్యాద. ఇంటికొచ్చిన మనిషి ముందు దిగాలుగా కనపడకూడదని ఆవిడకి చిన్నప్పటినుంచీ ఉన్నది. కానీ చూసేవాళ్ళకి చెయ్యెత్తారు, మాట్లాడారు, మనిషిని గుర్తుపట్టారు అని మూడు టిక్కులు పడతాయి, ఆ చెయ్యి దించాక ఆయాసంతో ఎంతసేపు కళ్ళు మూసుకుని ఉండిపోయారో ఎవరూ చూడరు.

కాబట్టి ముందురోజు పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి, "అత్తయ్యా, రేపు వచ్చేవాళ్ళు చుట్టాలు కాదు, నీకు ఏది చేతకాదో చెప్తేనే వాళ్ళు రాసుకుంటారు, లేనిది చెప్పమనట్లేదు, ఉన్నది దాచుకోకు" అని. నటించమని మాత్రం అనొద్దు, అది తప్పు, పైగా పట్టుబడిపోతుంది. డాక్టరు ఏదైనా చెయ్యమంటే చెయ్యగలిగింది చెయ్యనివ్వండి, చేశాక మీరు మర్యాదగా చెప్పండి, "సార్, ఇది ఒక్కసారి చెయ్యగలరు, రెండోసారి చెయ్యలేరు, చెయ్యి ఎత్తగలరు కానీ గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది" అని. ఒక పని ఒకసారి చెయ్యడం వేరు, రోజూ ఆధారపడేలా చెయ్యగలగడం వేరు, ఆ తేడా చెప్పగలిగేది ఇంట్లో ఉన్న మీరొక్కరే.

పేషెంటుని బాగా తెలిసినవాళ్ళే ఆ రోజు పక్కనుండాలి. ఊర్నించి వచ్చిన బావగారో, బాగా మాట్లాడతాడని మేనల్లుడో కాదు, డైపర్ మార్చే మనిషి ఉండాలి. నోట్సు బుక్కు చేతిలో పెట్టుకోండి, డాక్టరు గారికి రెండు పేజీలు చూపించండి, మొత్తం చదవమని బలవంతపెట్టకండి.

ఆసుపత్రికే తీసుకురమ్మంటే, కేజీహెచ్ అయితే, ఆటోని కేజీహెచ్ డౌన్ దగ్గర ఆపించుకోకండి, అక్కడ్నించి ఎత్తు ఎక్కాలి, లోపలిదాకా తీసుకెళ్ళి ఏ బ్లాకుకి రమ్మన్నారో ఆ బ్లాకు ముందే దిగండి, ఒకరు ముందే వెళ్ళి వీల్‌చైరో స్ట్రెచరో పట్టుకుని ఉంటే మంచిది. నీళ్ళు, మెత్తటి తిండి, రెండు డైపర్లు, ఒక దుప్పటి, మధ్యాహ్నం వేసుకునే మందులు పెట్టుకోండి. అసలు కదిలించలేని పరిస్థితి అయితే రాలేమని ముందే రాతలో చెప్పి ఇంటికి రమ్మని మళ్ళీ అడగండి, చెప్పకుండా ఊరుకుంటే రాలేదని రాసేస్తారు. పరీక్ష అయ్యాక ఎవరు చూశారు, ఏం అడిగారు, ఏ టెస్టు చేశారు, ఎంతసేపు చూశారు అన్నీ ఆ సాయంత్రమే నోట్సులో రాసుకోండి.

మళ్ళీ కాదంటే

పర్సంటేజీ మీదే గొడవైతే, సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది, ఆ సెక్షన్ పేరు రాసి సర్టిఫికెట్ ఇచ్చిన ఆసుపత్రి సూపరింటెండెంటుకి, జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ గారికి ఒకేసారి పెట్టండి. దాంతోపాటు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో (దారిద్ర్య రేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఫీజు లేదు, కార్డు జిరాక్స్ పెట్టాలి) అసెస్‌మెంట్ షీటు కాపీ, ఏ వైకల్యానికి ఎంత వేశారో, ఎలా కలిపారో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి ఫస్ట్ అప్పీలు ఉంటుంది. పైన చెప్పిన 90 లెక్క గుర్తుందిగా, ఆ షీటు చేతికొచ్చాక మీరే వేసి చూసుకోవచ్చు.

సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరిస్తారు, 1100కి ఫోన్ చేసి దాని పరిస్థితి అడగొచ్చు. అక్కడ "నాకు న్యాయం చెయ్యండి" అని మొదట్నించీ కథంతా చెప్పకండి, వెనక జనం ఉంటారు, టైముండదు. "ఫలానా తేదీన అప్పీలు ఇచ్చాను, ఇదిగో స్టాంపు, ఇన్ని రోజులైనా మళ్ళీ పరీక్ష చెయ్యలేదు, తేదీ ఇప్పించండి" అని ఒక్క పనే అడగండి, అధికారి అక్కడికక్కడ రాయగలిగేది అదే. సమస్య తీరకుండానే అర్జీ క్లోజ్ చేశామని మెసేజ్ వస్తే రీఓపెన్ చేయించండి.

దాని పైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉంటారు. దివ్యాంగుల హక్కులకి భంగం కలిగితే విచారించే అధికారం 80వ సెక్షన్ ఇచ్చింది, కమిషనర్ సిఫార్సు చేస్తే సంబంధిత శాఖ మూడు నెలల్లో చర్య తీసుకుని చెప్పాలని 81లో ఉంది. పోస్టులో పంపినా చాలు.

లాయరు కావాలంటే డబ్బుల్లేవని ఆగకండి. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 1987 చట్టం ప్రకారం దివ్యాంగులకి, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. కారణం చెప్పకుండా, మన మాట వినకుండా ఆపేశారంటే హైకోర్టులో రిట్ వెయ్యడానికి అవకాశం ఉంటుంది, అది వెయ్యాలా వద్దా అనేది మీ స్టాంపు వేసిన కాగితాలన్నీ చూసి ఆ లాయరు చెప్తారు.

మధ్యలో "నాకింత ఇవ్వండి, 90 శాతం వేయించేస్తాను" అంటూ ఎవరో ఒకరు తగులుతారు. ఇవ్వొద్దు. డబ్బులు పోవడం ఒక్కటే కాదు, అలా వచ్చిన సర్టిఫికెట్లే మళ్ళీ తనిఖీలో పట్టుకుంటారు, అప్పుడు నిజంగా మంచం మీదున్న మనిషి కూడా దొంగ లెక్కల్లోకి వెళ్ళిపోతారు. అసలు ఈ తనిఖీలు ఇంత కఠినంగా అవడానికి అలాంటి సర్టిఫికెట్లే కారణం, దాని దెబ్బ మన ఇళ్ళ మీద పడుతోంది.

అప్పీలు గెలిచి పింఛను తిరిగొస్తే మొదటి నెల డబ్బులు తీసుకునేటప్పుడే కేటగిరీ 15,000కి మారిందో లేదో చూసుకోండి, మధ్యలో పోయిన నెలల తేడా కూడా ఇప్పించమని విడిగా ఒక అర్జీ పెట్టండి, అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. కొత్త సర్టిఫికెట్ వచ్చాక దాని మీద పర్మనెంట్ అని ఉందా, వైకల్యాలన్నీ రాశారా, పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా అని అక్కడే కౌంటరు దగ్గరే చదువుకోండి, తప్పుంటే ఆ రోజే చెప్తే మార్చడం తేలిక. ఫైలు మాత్రం పారెయ్యకండి, తనిఖీ మళ్ళీ రావచ్చు, నోట్సు రాయడం నెలకి రెండు రోజులైనా కొనసాగించండి, డాక్టరు దగ్గరకి వెళ్ళిన ప్రతిసారీ ఓపీ చీటీ అందులో పెట్టేస్తూ ఉండండి.